కవరు దొరికాకే కార్డు: సొంత గ్రీటింగ్ కార్డులు హైదరాబాద్ దుకాణాల్లో అమ్మిన నా అనుభవం

బొమ్మ గీయడానికి కూర్చోకముందే కవరు కొనుక్కోవాలి. మనకు నచ్చిన కొలతలో కార్డు అచ్చు వేయించి, ఆ తర్వాత కవర్ల కోసం తిరిగితే సరిపోయేవి దొరకవు. విడిగా చేయించుకుంటే కార్డు మీద మిగిలే డబ్బంతా కవరుకే పోతుంది. ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికల దుకాణాలు వరసగా ఉంటాయి, అక్కడ రెడీమేడ్ కవర్లు వందల లెక్కన ఇస్తారు. ఎప్పుడు వెళ్లినా దొరికే కొలత ఏదో అడిగి, దానికి పొడవులోనూ వెడల్పులోనూ పావు అంగుళం తక్కువగా కార్డు పెట్టుకోవాలి. అంతకంటే బిగుతుగా ఉంటే మడత దగ్గరి మందానికి కవరు మూల చిరుగుతుంది.

తర్వాత చూడాల్సింది షీటు. డిజిటల్ ప్రెస్సులో నాకు అచ్చు వేసేది 12×18 అంగుళాల షీటు మీద. కార్డు 4×6 అంగుళాలు అనుకుంటే విప్పినప్పుడు 8×6, కటింగ్ కోసం చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అచ్చు) కలిపితే షీటుకు రెండే పడతాయి. అదే 4×5.5 చేస్తే విప్పినప్పుడు 8×5.5, షీటుకు నాలుగు పడతాయి. అర అంగుళం తగ్గించినందుకు అచ్చు ఖర్చు సగమైంది. నా కార్డులన్నీ ఇప్పుడు ఈ కొలతే.

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), ఒకవైపే కోటింగ్ ఉన్నది అడగండి. రెండువైపులా నునుపుగా ఉండే ఆర్ట్ కార్డు చూడటానికి బాగుంటుంది కానీ లోపల జెల్ పెన్నుతో రాస్తే అలుక్కుపోతుంది. కార్డు కొనేవాళ్లు లోపల తమ చేత్తో ఒక మాట రాయాలనే కొంటారు, అది చెరిగిపోతే ఆ కార్డు ఇచ్చి ఏం లాభం? అందుకే లోపల ఏమీ అచ్చు వేయించను. రెండోవైపు అచ్చు కూలి కూడా మిగులుతుంది.

మడత దగ్గర రంగు పగలడం అందరికీ ఎదురయ్యేదే. డిజిటల్ అచ్చులో టోనర్ కాగితం పైపొర మీద కూర్చుంటుంది, లోపలికి ఇంకదు. ముదురు రంగు మడత మీదుగా పోతే అక్కడ తెల్లగా గీత తేలుతుంది. దీనికి మూడు జాగ్రత్తలు. చేత్తో మడవకుండా ముందు మిషన్ మీద క్రీజింగ్ (మడత పడేచోట నొక్కుడు గీత) వేయించాలి. క్రీజింగ్ వేశాక ఉబ్బిన గీత కార్డు లోపలివైపు ఉండేలా మడవాలి, చాలామంది తిరగేసి మడుస్తారు. మూడోది కాగితం గ్రెయిన్, అంటే కాగితంలో పోగులు సాగిన దిక్కు. షీటును రెండు దిక్కులా మెల్లగా వంచి చూస్తే ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, గ్రెయిన్ ఆ వంపు గీత వెంట ఉన్నట్టు. పైన చెప్పిన అమరికలో 8 అంగుళాల వైపు షీటు పొడవు మీద పడుతుంది, మడత గీత 12 అంగుళాల వైపు వెంట పోతుంది. గ్రెయిన్ కూడా ఆ 12 అంగుళాల వైపే ఉండాలి. ప్రెస్సు వాళ్లు మనం అడగకపోతే ఇది చూడరు.

కటింగ్‌లో యాభై షీట్లు ఒకేసారి కోస్తారు, కింది షీట్లు ఒక మిల్లీమీటరు జరుగుతాయి. కాబట్టి అంచు చుట్టూ సన్నటి బార్డర్ పెట్టొద్దు, ఒకవైపు లావుగా ఒకవైపు సన్నగా వచ్చి కార్డంతా వంకరగా కనిపిస్తుంది. అక్షరాలు అంచుకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలి.

తెలుగు అక్షరాల దగ్గర మరీ జాగ్రత్త. మన కంప్యూటర్‌లో సరిగ్గా ఉన్న ఫైలు ప్రెస్సులో తెరిచేసరికి ఒత్తులు పక్కకు జరుగుతాయి, ఫాంటు లేకపోతే అక్షరాలే మారిపోతాయి. యూనికోడ్ ఫాంటుతో చేసినా, యూనికోడ్ కాని అనూ ఫాంట్లతో చేసినా, అక్షరాలన్నీ కర్వ్స్‌గా (అంటే గీసిన బొమ్మలుగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వాలి. పాత ఫొటోషాప్ వెర్షన్లలో ఒత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగుల్లో సౌత్ ఏషియన్ భాషల ఎంపిక పెట్టుకుంటే కుదురుకుంటాయి. కర్వ్స్ చేశాక తప్పు దిద్దడం కుదరదు, కాబట్టి ఆ పనికి ముందే ఇంకొకరితో చదివించండి. ‘శుభాకాంక్షలు’లో భకు ఒత్తు ఎగిరిపోయిన కార్డులు బజార్లో ఎన్నో కనిపిస్తాయి, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఫాంటు లైసెన్సు కూడా చూడాలి. మండలి, రామభద్ర, సూరన్న లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, అమ్మకానికి వేసే కార్డుల మీద నిశ్చింతగా వాడొచ్చు.

ఈద్ కార్డు మీద ఉర్దూ వేస్తే మడత కుడివైపు రావాలి. ఆ లిపి కుడి నుంచి ఎడమకు పోతుంది, కార్డు కూడా అటే తెరుచుకోవాలి. తెలుగు కార్డు లేఅవుట్‌నే వాడేస్తే చేతిలోకి తీసుకోగానే తిరగేసినట్టు ఉంటుంది.

రంగులు స్క్రీన్ మీద మెరిసినట్టు కాగితం మీద మెరవవు. చిలకపచ్చ, రాణీ గులాబీ బాగా మందగిస్తాయి. నీలంలో మెజెంటా (గులాబీ సిరా) పాలు సయాన్‌తో (లేత నీలి సిరా) సమానంగా ఉంటే వంగపండు రంగుకు తిరుగుతుంది, మెజెంటాను ముప్పై శాతమైనా తక్కువ పెట్టాలి. మొత్తం ఆర్డరు ఇచ్చేముందు ఒక్క షీటు తీయించి, బయట ఎండ వెలుగులో చూడండి.

ఇక డబ్బు. నాకు పడిన లెక్క ఇది: కాగితంతో కలిపి షీటు 28 రూపాయలు, అంటే కార్డుకు 7. కటింగ్, క్రీజింగ్ 1.50. కవరు 3. పైన తొడిగే పారదర్శక సెల్లో కవరు 80 పైసలు, స్టిక్కరు 40 పైసలు. పాడయ్యే వాటికోసం 1.30 కలుపుకుంటే 14 రూపాయలు. ఎంఆర్‌పీ 60 పెట్టి దుకాణానికి 40 శాతం ఇస్తే మనకు 36 వస్తుంది, 22 మిగులుతుంది. ఎంఆర్‌పీ 40 పెడితే మిగిలేది 10, లెక్క చూసుకోవడానికి రెండుసార్లు తిరిగితే పెట్రోలుకే చాలదు. ఎంఆర్‌పీ తయారీ ఖర్చుకు నాలుగు రెట్లకు తగ్గితే ఆ డిజైన్ వేయకపోవడమే మేలు. ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లతో వేసే అచ్చు) ఒక్కో కార్డు చవకే కానీ నాలుగు రంగుల ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది. ఒక డిజైన్ వందల్లో పోతుందని తేలాకే అటు వెళ్లాలి.

మొదటి విడత ఎనిమిది డిజైన్లు, ఒక్కోటి 24. మొత్తం 192 కార్డులు, 48 షీట్లు. దుకాణానికి డిజైనుకు ఆరు చొప్పున 48 ఇస్తే నాలుగు దుకాణాలకు సరిపోతాయి. అంతకంటే తక్కువ పెడితే ర్యాకులో కనపడవు.

ర్యాకు అనగానే ఒక మాట. మెట్లు మెట్లుగా ఉండే స్టాండులో వెనక కార్డు పైభాగం రెండు అంగుళాలే కనిపిస్తుంది. పుట్టినరోజు కార్డు అని తెలిసే మాటో బొమ్మో ఆ రెండు అంగుళాల్లోనే ఉండాలి. అందమైన బొమ్మ కిందికి పోయి, పైన ఖాళీ ఆకాశం మాత్రమే కనిపిస్తే చెయ్యి దాని మీదికి పోదు.

దుకాణం అంటే స్టేషనరీ, గిఫ్ట్ షాపులే గుర్తొస్తాయి. అక్కడ పెద్ద కంపెనీల కార్డులు ముందే నిండి ఉంటాయి. బేకరీని అడగండి. కేకు, కొవ్వొత్తులు తీసుకునేవాళ్లు బిల్లు కట్టే చోటే కార్డు ఉంటే తీసుకుంటారు. వెన్న మరకలు పడతాయి కాబట్టి సెల్లో కవరు తప్పనిసరి. ఆ కవరు ఒంటికి గమ్ ఉన్నది తీసుకోవాలి, మూతకు ఉన్నదైతే కార్డు బయటికి లాగేటప్పుడు అంటుకుని పైపొర లేస్తుంది. బొకేల దుకాణాలు కూడా మంచివే. ఎక్కడికైనా మధ్యాహ్నం పన్నెండు లోపు వెళ్లాలి, సాయంత్రం రద్దీలో ఎవరూ వినరు.

పెళ్లికీ గృహప్రవేశానికీ మాత్రం నా 4×5.5 కొలత పనికిరాలేదు. మనవాళ్లు కవర్లో చదివింపుల డబ్బు పెట్టి ఇస్తారు. 500 నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, ఈ కార్డు పట్టే 5.75 అంగుళాల కవరు 146. నోటు మడవాల్సి వస్తుంది, అది ఎవరికీ ఇష్టం ఉండదు. వాటికి 3.5×6.5 కవరు, లోపల 3.25×6.25 అంగుళాల మడత లేని కార్డు పెట్టాను. షీటుకు ఆరు పడతాయి, క్రీజింగ్ ఖర్చు కూడా లేదు.

చాలా దుకాణాలు డబ్బు ముందు ఇవ్వవు, అమ్మినంతకే లెక్క అంటాయి. ఒప్పుకోవచ్చు, కానీ చలాన్ (సరుకు ఇచ్చినట్టు రసీదు) లేకుండా ఒక్క కార్డు కూడా వదలొద్దు. డిజైన్ కోడు, సంఖ్య, ఎంఆర్‌పీ, దుకాణం వాటా, లెక్క చూసే తేదీ రాసి రెండు కాపీలు చేసి, మీ దగ్గర ఉంచుకునే దాని మీద దుకాణం ముద్ర, సంతకం తీసుకోవాలి. లెక్కలో లేని కార్డు అమ్ముడుపోయినట్టే అని అందులోనే ఒక వాక్యం ఉండాలి. చలాన్ లేకుండా ఒకచోట ఇచ్చిన 48 కార్డుల లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

కవర్లో పెట్టి అమ్ముతున్నాం కాబట్టి స్టిక్కరు మీద తయారీదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, సంఖ్య, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులు కలిపిన ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోను నంబరు, ఈమెయిల్ వేయాలి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు అడిగేవాటిలో ముఖ్యమైనవి ఇవే. సరుకులు అమ్మేవారికి తెలంగాణలో జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవరు. రిజిస్ట్రేషన్ లేనప్పుడు బిల్లులో పన్ను వసూలు చేయకూడదు. పెద్ద షాపులు జీఎస్‌టీ బిల్లు అడుగుతాయి, రిజిస్ట్రేషన్ ఉంటే గ్రీటింగ్ కార్డుల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకాన్ని తెలిపే అంకె) 4909. మన బొమ్మ మీద కాపీరైటు గీసిన క్షణం నుంచే మనది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తేదీతో ఉన్న అసలు ఫైళ్లు, చిత్తు గీతలు దాచుకోండి.

పండగ కార్డులు పండగకు ఐదారు వారాల ముందే ర్యాకులో ఉండాలి, పండగైన వారంలోగా మిగిలినవి వెనక్కి తెచ్చుకోవాలి. కొత్త సంవత్సరం, ఉగాది కార్డుల మీద ఏడాది అంకె, సంవత్సరం పేరు అచ్చు వేయకండి, మిగిలినవి మళ్లీ ఏడాది పనికొస్తాయి. నెల, సంవత్సరం ఉండే స్టిక్కరు మాత్రం కార్డుకు కాక సెల్లో కవరుకే అంటించాలి. ఇంట్లో నిలబెట్టి పెడితే వానాకాలం తేమకు కార్డులు వంకర తిరుగుతాయి. డబ్బాలో పడుకోబెట్టి, పైన బరువు పెట్టి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, గోడకు ఆనకుండా ఉంచాలి.