ట్యాంకు నిండగానే మూగబోయే సెన్సర్

డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు. మూతకి జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అల్ట్రాసానిక్ సెన్సర్ (ధ్వని పంపి నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచేది) బిగించాను. పిట్టగోడ నీడలో, ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో ఆ కొలతని వైఫైలో పంపే చిన్న ఈఎస్పీ8266 బోర్డు. కింద హాల్లో ఓపెన్‌వర్ట్ (రౌటర్లకి లైనక్స్ సాఫ్ట్‌వేర్) ఎక్కించిన పాత రౌటర్. మట్టం ఎంతుందో ఫోన్లో సెకనుకోసారి కనిపించాలి, నిండగానే మోగాలి. మూడు రోజులు బాగానే నడిచింది.

నాలుగో రోజు నుంచి పొద్దున ఆరున్నర అయ్యేసరికి బోర్డు వైఫై నుంచి ఊడిపోతోంది. తొమ్మిదింటికి దానంతటదే వచ్చేస్తోంది. ఈలోపు నీళ్లు పొర్లి మెట్ల మీదకి. "నిండిందని చెప్పడానికేగా పెట్టావు, నిండగానే నోరు మూసుకుంటుందేంట్రా?" అంది అమ్మ. నవ్వేసి ఊరుకున్నాను. అక్కడే నాలుగు రోజులు పోగొట్టుకున్నాను.

రౌటర్ లాగ్ చూపించే లాగ్‌రీడ్ పెట్టి కూర్చుంటే ప్రతిసారీ ఒకటే వరుస: డిస్‌కనెక్టెడ్ డ్యూ టు ఎక్సెసివ్ మిస్సింగ్ యాక్స్, అంటే జవాబులు మరీ ఎక్కువగా రాకపోవడంతో తెంపేశాను అని. బోర్డు తనంతట తాను వెళ్లడం లేదు, రౌటరే గెంటేస్తోంది. వైఫైలో ఒకరికి పంపిన ప్రతి ఫ్రేముకీ (డేటా ముక్కకీ) అందిందని అవతలి నుంచి వెంటనే యాక్ రావాలి. రాకపోతే మళ్లీ మళ్లీ పంపుతుంది. అలా వరసగా 50 ఫ్రేములకి జవాబు లేకపోతే లైనక్స్ డ్రైవర్ పొర ఫిర్యాదు చేస్తుంది, రౌటర్లో వైఫై నడిపే హోస్ట్ఏపీడీ ప్రోగ్రాం కనెక్షన్ తెంపేస్తుంది.

నా అనుమానం మోటారు మీద. ఆరింటికి వేస్తాం కదా, దాని నాయిస్ అనుకున్నాను. బోర్డు అడాప్టర్ మార్చాను. ఛానల్ 11 నుంచి 1కి, వెడల్పు 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కి. కోడ్‌లో మోడెమ్ స్లీప్ (కరెంటు పొదుపుకి వైఫై రేడియో మధ్యమధ్యలో నిద్రపోవడం) తీసేశాను. ఊడడం కాస్త ఆలస్యమైంది, అంతే.

తర్వాత రౌటర్లో ఇలా గెంటేయమని చెప్పే డిస్‌అసోక్-లో-యాక్ అనే ఆప్షన్ సున్నా చేశాను, అంటే ఆపేశాను. ఎవరిని అడిగినా ముందు ఇదే చెప్తారు. లాగ్ నిశ్శబ్దమైపోయింది, భలే అనుకున్నాను. మర్నాడు చూస్తే గ్రాఫు 78 శాతం దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి ఉంది, ట్యాంకేమో పొర్లుతోంది! గెంటడం మానేసిందే తప్ప ఫ్రేములు పోవడం ఎక్కడ ఆగింది? ఆ ఆప్షన్‌ని సున్నా నుంచి మళ్లీ 1కి మార్చేశాను. కనీసం లాగ్‌లోనైనా తెలియాలి.

ఆదివారం పొద్దున్నే కరెంటు పోయింది. మోటారు సాయంత్రం ఏడింటికి వేసి, ల్యాప్‌టాప్‌లో స్టేషన్ డంప్ (రౌటర్‌కి కలిసిన ఒక్కో పరికరం సిగ్నల్ వివరాలు) పది సెకన్లకోసారి వచ్చేలా పెట్టాను. ట్యాంకు అడుగంటినప్పుడు సిగ్నల్ మైనస్ 72 డీబీఎం (మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం). సగానికి మైనస్ 79. నిండేసరికి మైనస్ 87, టీఎక్స్ ఫెయిల్డ్ (అందకుండా పోయిన ఫ్రేముల లెక్క) అంకె గబగబా పెరుగుతోంది. ఏడూ ఇరవై అయిదుకి మోటారు కట్టేశాను. అంకె ఆగలేదు. మోటారు ఆగినా ఫ్రేములు పోతున్నాయంటే దొంగ మోటారు కాదు.

పైకెళ్లి నిలబడితే తెలిసింది. రౌటర్ సిగ్నల్ వచ్చేది మెట్ల గది తలుపు నుంచి. తలుపుకీ బోర్డుకీ సరిగ్గా మధ్యలో ట్యాంకు! ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు అడ్డే కాదు. మీటరు మందాన నీళ్లుంటే మాత్రం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని అవే మింగేస్తాయి. తొమ్మిదింటికి బోర్డు తిరిగి రావడానికి కారణం స్నానాలూ బట్టలూ అయిపోయి మట్టం తగ్గడమే. అమ్మ మొదటిరోజే చెప్పింది, నేనే వినలేదు.

సెన్సర్ తీగ రెండున్నర మీటర్లుంటుంది. బోర్డుని ట్యాంకు ఇవతలికి, మెట్ల గది గోడ మీదకి మార్చితే ఇంకా అరమీటరు మిగిలింది. ప్లగ్గు కూడా దగ్గరైంది. ఇప్పుడు నిండినా ఖాళీ అయినా మైనస్ 66కీ 68కీ మధ్య. వారంలో ఒక్కసారీ ఊడలేదు. ఛానల్ మళ్లీ 11కి మార్చి చూశాను, తేడా లేదు.

మిగిలింది ఒకటే. ఈ సెన్సర్ 20 సెంటీమీటర్ల కన్నా దగ్గరున్నది సరిగా కొలవదు. అందుకే దాన్ని మూత మీద చిన్న పైపు ముక్కలో ఎత్తుగా పెట్టాలి. పైపు తెచ్చాను, ఎండ తగ్గాక బిగిస్తాను.