మా స్కూల్ లైబ్రరీలో పాత పుస్తకాలు ఏరి తీశాను: నా అనుభవం

స్కూల్ లైబ్రేరియన్‌గా నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది పుస్తకాలు తీసేయడం. కొత్తవి వస్తే అందరూ సంతోషిస్తారు. పాతవి తీస్తానంటే మాత్రం టీచర్ల దగ్గర్నుంచి ఆఫీసు దాకా అందరూ కంగారుపడతారు. ఆ కంగారు నాకు అర్థమవుతుంది. పుస్తకం పారేయడం తప్పని నమ్మి పెరిగినవాళ్లం మనం. పైగా ప్రతి పుస్తకం రిజిస్టర్‌లో ఎక్కి ఉంటుంది, ఒకటి తగ్గినా లెక్క చెప్పాలి. అందుకే చాలా స్కూళ్లలో ఈ పని ఏటా వాయిదా పడుతూ ఉంటుంది. మా దగ్గరా అలాగే పడింది. ఈమధ్యే, కొన్ని నెలల పాటు కూర్చుని, దాన్ని పూర్తి చేశాం. ఇదే పని ముందు పెట్టుకుని టెన్షన్ పడుతున్న తోటి లైబ్రేరియన్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు ఎందుకు తీయాలి అంటే, సైన్స్ అర ముందు నిలబడి చూడండి. మా లైబ్రరీలో సౌర కుటుంబం మీద ఉన్న పుస్తకాల్లో సగానికి పైగా గ్రహాలు తొమ్మిది అనే చెబుతున్నాయి. అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా తేల్చింది 2006 ఆగస్టు 24న. పాఠ్యపుస్తకంలో ఎనిమిది, లైబ్రరీ పుస్తకంలో తొమ్మిది. ప్రాజెక్ట్ రాసుకోవడానికి వచ్చిన పాప రెండూ పక్కపక్కన పెట్టి "మేడమ్, ఏది రాయాలి?" అని అడిగింది. అట్లాసుల్లో 2011లో ఏర్పడిన దక్షిణ సూడాన్ లేదు. స్వాజిలాండ్ పేరు 2018లో ఎస్వాటినిగా మారింది, మా మ్యాపుల్లో మారలేదు. ఆవర్తన పట్టికలో 113, 115, 117, 118 నంబర్ల మూలకాలకు 2016లో పేర్లు ఖాయమయ్యాయి. మా కెమిస్ట్రీ పుస్తకాల్లో ఆ గళ్లు ఖాళీగానే ఉన్నాయి.

ఇవి మార్కులు పోయే తప్పులు. ప్రాణం మీదికి తెచ్చేవీ కనిపించాయి. ఒక పాత ప్రథమ చికిత్స పుస్తకంలో, పాము కాటేసిన చోట కోసి విషాన్ని పీల్చేయాలని బొమ్మతో సహా ఉంది. అలా చేయకూడదని ఇప్పుడు వైద్యులందరూ చెబుతున్నారు. కోస్తే రక్తస్రావం, ఇన్ఫెక్షన్ తప్ప లాభం లేదు. కాటు పడిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లైబ్రరీలో ఉన్న పుస్తకాన్ని పిల్లలు మనం చెప్పినదానికంటే ఎక్కువ నమ్ముతారు. ఆ పుస్తకం పట్టుకున్న రోజే ఈ పని ఇక ఆపకూడదనుకున్నాను.

కానీ ఎలా మొదలుపెట్టాలి? చాలా స్కూళ్లలో లైబ్రేరియన్ ఒక్కరే ఉంటారు. ఫిజిక్స్ టీచర్‌కి సందేహం వస్తే ఇంకో ఫిజిక్స్ టీచర్ ఉంటారు, మనకు పక్క గదిలో ఎవరూ ఉండరు. మన వృత్తిలోనివాళ్లు ఇప్పటికే ఆలోచించి, రాసి, ఉచితంగా పెట్టిన పత్రాలే నాకు ఆ లోటు తీర్చాయి. అవి లేకపోతే ఈ పని నా సొంత అభిప్రాయంగా మిగిలిపోయి, మొదటి స్టాఫ్ మీటింగ్‌లోనే ఆగిపోయేది.

మొదట చదివింది, లైబ్రరీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 2015లో వెలువరించిన స్కూల్ లైబ్రరీ మార్గదర్శకాలు. ఇది రెండో ఎడిషన్, పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. పుస్తకాల సేకరణకు రాతపూర్వకమైన విధానం ఉండాలని, దాన్ని లైబ్రేరియన్ ఒక్కరే కాకుండా యాజమాన్యం, టీచర్లతో కలిసి తయారు చేయాలని అందులో ఉంది. ఆ మాట నన్ను కాపాడింది. ప్రిన్సిపాల్ సార్ దగ్గరికి "ఈ పుస్తకాలు తీసేస్తాను" అంటూ వెళ్లలేదు. "మనకు రాసిపెట్టుకున్న విధానం లేదు సార్, ఒక పేజీ రాద్దాం" అని వెళ్లాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. సైన్స్, సోషల్, భాషల టీచర్లతో చిన్న కమిటీ వేశారు.

రెండోది క్రూ మాన్యువల్, లైబ్రరీలో పాత పుస్తకాలు ఎలా ఏరాలో చెప్పే పుస్తకం. 1976లో టెక్సాస్ స్టేట్ లైబ్రరీ చిన్న, మధ్యతరహా పబ్లిక్ లైబ్రరీల కోసం తెచ్చింది. తర్వాత సవరించిన ఎడిషన్లూ వచ్చాయి, ఇదీ ఉచితమే. స్కూల్ కోసం రాసింది కాకపోయినా డ్యూయీ నంబర్ల (సబ్జెక్టును బట్టి పుస్తకాలకు వేసే అంకెల) వారీగా ఉంటుంది కాబట్టి మన అరలకు నేరుగా సరిపోతుంది. ప్రతి వర్గానికీ రెండు కొలతలు ఇస్తారు: పుస్తకం అచ్చయి ఎన్నేళ్లయింది, ఆఖరిసారి ఇష్యూ అయి ఎన్నేళ్లయింది. కంప్యూటర్ పుస్తకాలకు మూడేళ్లు, వైద్యానికి ఐదేళ్లు వయోపరిమితి. ఆ గడువు దాటితే పరిశీలనకు పెట్టాలి. దానితో పాటు ఆరు ప్రశ్నలు వేసుకోమంటారు. సమాచారం తప్పుదారి పట్టిస్తోందా? బాగుచేయలేనంతగా పాడైందా? దీనికంటే మంచి పుస్తకమో కొత్త ఎడిషనో వచ్చిందా? అసలు చదవదగ్గ విలువ ఉందా? మన పాఠకులకు సంబంధం ఉందా? ఇంకో చోట సులువుగా దొరుకుతుందా?

ఈ ఆరు ప్రశ్నలను ఒక చీటీ మీద అచ్చు వేయించి ప్రతి అనుమానాస్పద పుస్తకంలో పెట్టాను. ఎవరైనా "ఇది ఎందుకు తీస్తున్నారు" అంటే చీటీ చూపించడమే. వాదన మనుషుల మధ్య కాకుండా పుస్తకం మీద నడిచింది.

పని మొదలుపెట్టే ముందు స్టాక్ వెరిఫికేషన్ పూర్తి చేసుకోండి. ఇందులో రాజీ వద్దు. ఏ పుస్తకం ఉందో, ఏది పోయిందో తెలియకుండా ఏరడం మొదలుపెడితే, పోయినవాటి బాధ్యత కూడా ఏరివేత మీద పడుతుంది. యాక్సెషన్ రిజిస్టర్‌తో (ప్రతి పుస్తకానికీ ఒక నంబరు ఇచ్చి నమోదు చేసే పుస్తకంతో) అరలు సరిచూశాక, ఆఖరి ఇష్యూ తేదీలు తీశాను. పాత పుస్తకాలకు వెనక అంటించిన డేట్ స్లిప్పే ఆధారం. కంప్యూటర్‌లోకి ఎక్కించినవాటికి కోహా నుంచి రిపోర్టు వచ్చింది. కోహా అంటే న్యూజిలాండ్‌లో 2000లో మొదలైన ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్. లైసెన్స్ ఫీజు లేదు, ఏ పుస్తకం చివరిసారి ఎప్పుడు బయటికెళ్లిందో అందులో తేదీతో సహా ఉంటుంది. బడ్జెట్ లేని స్కూళ్లు తప్పకుండా చూడాల్సిన సాఫ్ట్‌వేర్ ఇది. దాన్ని ఇన్‌స్టాల్ చేసి చూసుకునే మనిషి ఒకరు మాత్రం ఉండాలి.

తర్వాత అర తర్వాత అర. పుస్తకం చేతిలోకి తీసుకోవడం, దుమ్ము దులపడం, అచ్చయిన సంవత్సరం చూడటం, నాలుగు గుట్టల్లో ఒకదాంట్లో పెట్టడం: ఉంచేవి, బైండింగ్‌కి పంపేవి, తీసేవి, అనుమానం ఉన్నవి. మాస్కు, గ్లవ్స్ వేసుకోండి. బూజు పట్టిన పుస్తకాన్ని మిగతావాటి పక్కన అసలు పెట్టకండి, వెంటనే కవర్‌లో వేసి వేరు చేయండి, లేకపోతే బూజు పక్కవాటికీ పాకుతుంది.

అనుమానం ఉన్న గుట్టే అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే విలువైనది కూడా. వాటిని స్టాఫ్ రూమ్‌లో ఒక బల్ల మీద సబ్జెక్టుల వారీగా పేర్చి, ఏ తేదీలోపు చూడాలో రాసిపెట్టాను. లెక్కల సార్ వచ్చి, పాతబడి పసుపుపచ్చగా మారిన జామెట్రీ పుస్తకం ఒకటి వెనక్కి తీసుకున్నారు. "రుజువులు పాతబడవు మేడమ్" అన్నారు. నిజమే, లెక్కలకు వైద్యం లాంటి గడువు పెట్టడం సరికాదు. ఆ పుస్తకం బైండింగ్‌కి వెళ్లింది. సోషల్ మేడమ్ మాత్రం పాత అట్లాసులన్నీ ఉంచమని పట్టుబట్టారు. చివరికి ఒక్కటి ఉంచి, దాని మీద పెద్ద అక్షరాలతో "పాత సరిహద్దులు" అని రాసి, మ్యాపులు ఎలా మారతాయో చెప్పే పాఠానికి వాడుకోవాలని తేల్చుకున్నాం. ఈ రాజీ నాకు బాగా నచ్చింది.

ఏవి తీయకూడదో కూడా విధానం పేజీలో రాశాం. స్కూల్ మ్యాగజైన్ పాత సంచికలు, పూర్వ విద్యార్థులు రాసిన పుస్తకాలు, మా ఊరి చరిత్రకు సంబంధించినవి, మళ్లీ అచ్చుకు రాని మంచి సాహిత్యం. ఇవి ఎన్నేళ్లు ఎవరూ ముట్టుకోకపోయినా ఉంటాయి. ఇష్యూ తేదీ ఒక్కటే చూసి తీసేసే పద్ధతికి నేను పూర్తిగా వ్యతిరేకం.

స్టాఫ్ మీటింగ్‌లో ఒకరు, లైబ్రరీ అంటే పెరగాలి కదా, తగ్గించడం ఏమిటి అన్నారు. మంచి ప్రశ్న. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో చివరిది, గ్రంథాలయం పెరిగే జీవి అని. పెరిగే జీవి కొత్తది తీసుకుంటుంది, పాతది వదిలేస్తుంది, రూపం మార్చుకుంటుందని ఆయనే వివరించారు. పెరగడంలోనే వదలడం కూడా ఉందన్నమాట. ఆ వివరణ చదివి వినిపించాక ఇంకెవరూ అభ్యంతరం చెప్పలేదు.

కాగితాల పని గురించి ఒక్క మాట. తీసేసే ప్రతి పుస్తకానికీ యాక్సెషన్ నంబరు, పేరు, కారణం ఉన్న జాబితా తయారు చేసి, కమిటీ సంతకాలు, ప్రిన్సిపాల్ ఆమోదం తీసుకున్నాక, పుస్తకం మీద విత్‌డ్రా స్టాంప్ వేసి, రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో నమోదు చేయాలి. కేటలాగ్‌లో కూడా మార్చాలి. అది మర్చిపోతే పిల్లలు లేని పుస్తకం కోసం అరల్లో వెతుకుతూనే ఉంటారు.

తీసేసినవి ఏం చేయాలన్న దగ్గర నాకు గట్టి అభిప్రాయం ఉంది. బాగున్న డూప్లికేట్ కాపీలు వేరే స్కూళ్లకు ఇవ్వొచ్చు, తరగతి గది అరల్లో పెట్టొచ్చు. తప్పు సమాచారం ఉన్నవి మాత్రం ఎవరికీ దానం చేయకూడదు. మన పిల్లలు చదవకూడని పాము కాటు సలహా ఇంకో స్కూల్ పిల్లలు ఎందుకు చదవాలి? ఏమీ లేనిచోట ఏదో ఒకటి అన్న మాట ఇక్కడ పనికిరాదు. అవి కాగితం రీసైక్లింగ్‌కే వెళ్లాలి.

అరల్లో ఖాళీలు చూసి మొదట్లో అందరూ కొంచెం దిగులుపడ్డారు. నేను ఆ ఖాళీల్లో మంచి పుస్తకాలను అట్ట కనిపించేలా నిలబెట్టాను. అంతకుముందు వెన్నులు మాత్రమే కనిపిస్తూ ఇరుక్కుపోయినవే. ఇన్నాళ్లూ అక్కడే ఉన్నవాటిని పిల్లలు "ఇవి కొత్తగా వచ్చాయా మేడమ్" అంటూ తీసుకెళ్లారు.

నింపడానికి డబ్బు ఒక్కసారిగా రాదు. చిన్న తరగతుల కోసం స్టోరీవీవర్ చాలా ఉపయోగపడింది. పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన ఈ ఆన్‌లైన్ వేదికలో తెలుగుతో సహా ఎన్నో భాషల బొమ్మల కథలు చదివే స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కాబట్టి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీయొచ్చు, రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచితే చాలు. దీనికీ, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే దొంగ పీడీఎఫ్‌లకూ తేడా పిల్లలకు మనమే చెప్పాలి. లైబ్రేరియనే అలాంటి ఫైళ్లు పంచితే కాపీరైట్ గురించి ఇంకెవరు నేర్పుతారు?

కొనేవాటికి ఎంపిక జాబితాలు చూశాను. మ్యూనిక్‌లోని ఇంటర్నేషనల్ యూత్ లైబ్రరీ ప్రపంచవ్యాప్తంగా వచ్చిన మంచి పిల్లల పుస్తకాలను వైట్ రేవెన్స్ పేరుతో ఎంచి ప్రకటిస్తుంది. అందులోవన్నీ మనకు దొరకవు. కానీ ఒక నిపుణుడు పిల్లల పుస్తకంలో ఏం చూస్తాడో ఆ చిన్న పరిచయాలు చదివితే తెలుస్తుంది, నా ఎంపిక దానివల్ల మెరుగుపడింది. పెద్ద విజ్ఞాన సర్వస్వాల సెట్లు మళ్లీ కొనలేదు. బ్రిటానికా కూడా అచ్చు ఆపేస్తున్నట్టు 2012లోనే ప్రకటించింది.

మన రంగంలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఇప్పుడు వారానికో గంట టైమ్‌టేబుల్‌లోనే రాయించుకున్నాను. ఖాళీ దొరికితే చూద్దాం అనుకుంటే ఎప్పటికీ దొరకదు. ఇఫ్లాలో స్కూల్ లైబ్రరీల విభాగం, 1971లో ఏర్పడిన అంతర్జాతీయ స్కూల్ లైబ్రేరియన్ల సంఘం ఐఏఎస్‌ఎల్, ఈ రెండిటి సమాచారం క్రమం తప్పకుండా చూస్తాను. ఐఏఎస్‌ఎల్ ఏటా అక్టోబరును అంతర్జాతీయ స్కూల్ లైబ్రరీ మాసంగా జరుపుతుంది. అందులో భాగంగా ఒక దేశం పిల్లలు తయారు చేసిన బుక్‌మార్కులను ఇంకో దేశం స్కూల్‌తో మార్చుకునే కార్యక్రమం ఉంటుంది. రిజిస్టర్ చేసుకుంటే వాళ్లే జత కలుపుతారు. ఏప్రిల్ 2 అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం, ఏటా ఒక దేశం పోస్టర్, సందేశం తయారు చేస్తుంది. వీటిలో టీచర్లకు పనికొచ్చేవి నెలకో పేజీగా రాసి స్టాఫ్ రూమ్ బోర్డు మీద పెడుతున్నాను. పెట్టిన దగ్గర్నుంచి టీచర్లే వచ్చి ఫలానా టాపిక్ మీద కొత్తగా ఏమొచ్చిందని అడుగుతున్నారు.

ఇంత పెద్ద ఏరివేత మళ్లీ అవసరం పడకుండా, నెలకో డ్యూయీ వర్గం చొప్పున చూసుకోవాలని కమిటీ తీర్మానించింది. వేగంగా మారే 004 (కంప్యూటర్లు), 500 (సైన్స్), 610 (వైద్యం) ఏటా వస్తాయి, సాహిత్యం, చరిత్ర రెండేళ్లకోసారి. ఈ నెల 610 వంతు. ఆ అర పుస్తకాలు బల్ల మీద పెట్టాను, బయాలజీ మేడమ్ శుక్రవారం వచ్చి చూస్తానన్నారు.