ఐదేళ్లకు తేలే లెక్క, ఐదు నెలలకు కనబడని లోటు

ఆస్ట్రేలియా మూలవాసులకు టీకాలంటే గిట్టదని మన తెలుగువాళ్లు కూడిన చోట్ల తరచు వింటుంటాను. న్యూ సౌత్ వేల్స్‌లో ఒక చిన్న ఊరి క్లినిక్‌లో నర్సునైన నాకు ఆ మాట మింగుడుపడదు. జాతీయ టీకాల రిజిస్టరు ప్రకారం 2020లో ఐదేళ్లు నిండిన అబొరిజినల్ (అంటే మూలవాసుల) పిల్లల్లో 97 శాతానికి టీకాలన్నీ పూర్తయ్యాయి. ఇది మిగతా పిల్లల శాతం కంటే ఎక్కువ. వెనకబాటు ఒకటి రెండేళ్ల వయసులో ఉంది. అంటే వాళ్లు వద్దనడం లేదు, వేళకు అందడం లేదు. కోరింత దగ్గు ప్రాణాల మీదికి తెచ్చేది మాత్రం తొలి నెలల్లోనే. అందుకే తల్లి నుంచి బిడ్డకు పుట్టకముందే రక్షణ అందేలా గర్భిణికి 20 నుంచి 32 వారాల మధ్య ఆ టీకా వేయాలంటారు. రక్తపోటు చూసిన చేతితోనే, ఆ పూటే వేయకుండా చీటీ రాసి ఇంకో చోటికి పంపితే సగం పని చెడినట్లే.

పోయిన చలికాలం ఒక అమ్మమ్మ ఐదు నెలల మనవడిని తీసుకొచ్చింది. నాలుగో నెలలో పడాల్సిన టీకా కారు చెడిపోవడంతో ఆగిపోయిందట. లోపలికి రాకుండా చెట్టు కిందే చాలాసేపు కూర్చుంది. 1970 ప్రాంతం దాకా ప్రభుత్వాలు మూలవాసుల పిల్లలను తల్లుల ఒడిలోంచి లాక్కుపోయిన దేశంలో, ఆ వయసు మనిషి ప్రభుత్వ గడప ముందు తటపటాయించడాన్ని అజ్ఞానం అనడం నా దృష్టిలో అన్యాయం. మా అబొరిజినల్ ఆరోగ్య కార్యకర్త వెళ్లి, "ఆంటీ" అని పిలిచి (ఇక్కడ పెద్దవాళ్లకు అది గౌరవపు పిలుపు, మన పిన్నిగారిలాగా), ఫలానావాళ్ల అమ్మాయినని చెప్పుకున్నాకే ఆమె లేచింది. టీకా తేదీకి ముందే తల్లులకు ఫోన్ చేసే ఇలాంటి ఉద్యోగాలను ఈ రాష్ట్రం 2012 నుంచి ఏర్పరచింది; నేనైతే గోడ మీది పోస్టర్లన్నిటికంటే వాటికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఆమెతో ఏడో తరగతి మనవరాలు కూడా వచ్చింది. గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా బడిలోనే వేస్తారు, 2023 నుంచి ఒక్క మోతాదు చాలు. కానీ ఆ రోజు బడి మానితే అది తప్పిపోతుంది, ఉచితంగా 25 ఏళ్ల దాకా వేయించుకోవచ్చని చాలామందికి తెలియదు. రిజిస్టరు తెరిచి చూస్తే ఈ పిల్లకూ పడలేదు. తల్లికి ఫోన్ చేసి ఒప్పుకోలు తీసుకుని, తమ్ముడి తర్వాత అక్కకూ వేసి పంపించాను.