పొయ్యి ఆరిన ఊళ్లో వారం రోజులు

దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టాలో వారం పని పడిందని చెప్పగానే అడిలైడ్ ఆఫీసులో నా పక్క సీటతను నవ్వాడు. "పెట్రోలు కొట్టించుకోవడానికి ఆగే ఊరది. వారం రోజులు ఏం చేస్తావక్కడ?" అన్నాడు.

అతనన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అడిలైడ్ నుంచి ఉత్తరానికి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. పర్త్ వైపు వెళ్లే రోడ్డు, డార్విన్ వైపు వెళ్లే రోడ్డు ఈ ఊరు దాటగానే విడిపోతాయి. ఎటు వెళ్లినా తర్వాతి పెద్ద ఊరు ఎక్కడో ఉంటుంది. డార్విన్ అయితే 2,700 కిలోమీటర్లు. కాబట్టి అందరూ ఇక్కడ ఆగుతారు, ట్యాంకు నింపుతారు, మంచినీళ్ల డబ్బాలు వేసుకుంటారు, వెళ్లిపోతారు. ఉండేది 13 వేల మందో ఏమో. మా గోదావరిఖనిలో నాలుగు కాలనీలు కలిపితే అంత జనం.

నా పని రిలే టెస్టింగ్. కరెంటు లైన్లో ఎక్కడైనా ఫాల్ట్ వస్తే రెప్పపాటులో కనిపెట్టి బ్రేకర్‌ను తెరవమని చెప్పే పెట్టెను రిలే అంటాం. మేం ఒక సూట్‌కేసంత మిషను పట్టుకుపోయి, దాంతో దొంగ ఫాల్టులు సృష్టించి, ఆ రిలే మోసపోతుందా లేదా అని చూస్తాం. ఈసారి ఒక సోలార్ ప్లాంటు తాలూకు సబ్‌స్టేషన్‌లో. నేను ‘రీజినల్’ ప్రాంతాల్లోనే, అంటే మహానగరాల బయటే ఉండాలన్న షరతుతో ఇచ్చే 491 వీసా మీద అడిలైడ్ వచ్చాను. ఈ దేశపు వలస లెక్కల్లో సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతావన్నీ ‘రీజినలే’, పదిహేను లక్షల జనాభాకు అటూఇటూగా ఉన్న అడిలైడ్‌తో సహా. అసలైన రీజినల్ ఎలా ఉంటుందో ఇన్నేళ్లకు చూడబోతున్నాను.

పోర్ట్ పిరీ మలుపు దాటాక నేల రంగు మారింది. గోధుమ చేలు అయిపోయి, బూడిద రంగు ఉప్పుపొదలు మొదలయ్యాయి. కుడి వైపు ఫ్లిండర్స్ కొండలు, ఎడమ వైపు ఎక్కడో పల్చగా మెరిసే నీళ్లు. అది స్పెన్సర్ గల్ఫ్. సముద్రం ఒక నాలుకలా భూమిలోకి చొచ్చుకొచ్చి, ఈ ఊరి దగ్గర ఆగిపోతుంది. 1802లో మాథ్యూ ఫ్లిండర్స్ ఓడ మీద ఇటు వచ్చినప్పుడు, ఇది ఖండాన్ని చీల్చుకుంటూ పోయే దారో, పెద్ద నదో అవుతుందని ఆశపడ్డాడట. చివరికి వచ్చి చూస్తే బురద, మడ చెట్లు. ఊరి బయట ఎర్రమట్టి గట్టు మీద ఆయన పేరుతో ఒక వ్యూపాయింట్ ఉంది. అక్కడ నిలబడితే ఆయన నిరాశ బాగా అర్థమవుతుంది. ఒక పక్క నీలం నీళ్లు, ఇంకో పక్క ఎర్ర నేల. మధ్యలో కొబ్బరిచెట్టు లాంటిదేమీ ఉండదు. సముద్రం, ఎడారి నేరుగా ముట్టుకుంటాయి.

పేరులో పోర్ట్ ఉంది గానీ ఓడలు రావడం ఎప్పుడో మానేశాయి. ఒకప్పుడు ఉన్ని, గోధుమలు ఇక్కణ్నుంచే ఎక్కించేవారు. మొదటి సాయంత్రం పాత రేవు దగ్గర కూర్చుని బాపుకు వీడియో కాల్ చేశాను. ఇక్కడ రాత్రి ఏడున్నర, ఇంకా వెలుతురుంది. అక్కడ మధ్యాహ్నం రెండున్నర, ఆయన అన్నం తిని మంచం మీద వాలే వేళ.

"గది సముద్రమా? ఓడలేవిర మరి?"

"ఓడలు రావు బాపు. బందైంది."

"ఓడలు రాని పోర్టు ఏం పోర్టుర," అని ఆవలించాడు.

ఎండ సంగతి నాకు చెప్పక్కర్లేదు, రామగుండం పక్కన పెరిగినవాణ్ని. అయినా రెండో రోజుకే తెలిసింది, ఇది వేరే ఎండ అని. మన దగ్గర చెమట కారుతుంది, ఒళ్లు తడుస్తుంది, ఎండ కొడుతోందని మనిషికి తెలుస్తుంది. ఇక్కడ చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. బాగానే ఉన్నాననుకుంటూ ఉంటాం, లోపల నీళ్లు అయిపోతుంటాయి. అందుకే సైట్ టాయిలెట్ గోడ మీద ఒక రంగుల పట్టిక అంటించి ఉంటుంది. పసుపు ఎంత ముదిరితే ఎన్ని గ్లాసుల నీళ్లు బాకీ ఉన్నామో చెప్పే పట్టిక. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. బుధవారం మధ్యాహ్నం 43 డిగ్రీల్లో దానికేసి చూసి ఏమాత్రం నవ్వు రాలేదు. ఇక ఈగలు. మన ఈగ తోలితే పోతుంది. ఈ ఈగకు మన కంట్లో నీళ్లే కావాలి. టోపీకి వల కట్టుకోవడం నామోషీ అనుకున్నాను మొదటి గంట.

తొమ్మిదిన్నరకు ‘స్మోకో’ అంటారు. టీ విరామం. ఇప్పుడు పొగ తాగేవాళ్లు తక్కువే, పేరు మాత్రం మిగిలిపోయింది. అక్కడే పరిచయమయ్యాడు మా జట్టులో పెద్దాయన. అరవైకి దగ్గర. నేను పెరుగన్నం డబ్బా తీస్తే, మజ్జిగలో అన్నం తినడమేంటని అడగకుండా, "ఈ ఎండకు అదే కరెక్ట్," అన్నాడు. అక్కణ్నుంచి మాట కలిసింది. మీ నాన్న ఏం చేసేవాడని అడిగాడు. భూగర్భ బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు పైన, అన్నాను. ఆయన శాండ్‌విచ్ పక్కన పెట్టి, "నేను ఆ బొగ్గు కాల్చే వైపు," అన్నాడు.

నాకు ఆ ఊరి కథ నిజంగా మొదలైంది అప్పుడే. సోలార్ సైటుకు వస్తున్నాననుకున్నాను గానీ, ఇది మా ఊరి లాంటి ఊరని నాకు తెలియదు. గల్ఫ్ ఒడ్డున 1954 నుంచి ఇక్కడ బొగ్గు పవర్ హౌసులు ఉండేవి. చివరిది నార్తర్న్, 1985లో వచ్చింది. ఉత్తరాన 250 కిలోమీటర్ల దూరంలో లీ క్రీక్ అనే చోట ఓపెన్‌కాస్ట్ గని. అక్కణ్నుంచి రోజూ రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న రైలు బొగ్గు తెచ్చేది. చల్లబరచడానికి గల్ఫ్ నీళ్లు. గని, రైలు, పొయ్యి, పొగగొట్టం అన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసలు. 2016 మే నెలలో దారం తెగింది. గని 2015 నవంబరులోనే ఆగిపోయింది, ఇప్పుడు రైలూ ఆగింది, నార్తర్న్ మూతపడింది. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో బొగ్గు కరెంటు అక్కడితో సరి. రెండేళ్ల తర్వాత ఆ పెద్ద గొట్టాన్ని పేల్చి పడగొట్టారు. ఊరంతా కుర్చీలేసుకుని చూశారని చెప్పాడాయన. తను మాత్రం వెళ్లలేదట.

అలాగని ఊరివాళ్లు బొగ్గును పట్టుకుని వేలాడారని కాదు. జాయ్ బలూచ్ అని ఒకావిడ ఇక్కడ ఇరవై ఏళ్లకు పైగా మేయర్‌గా ఉంది. పవర్ హౌసు పొగ మా ఊపిరితిత్తుల్ని తినేస్తోందని ఎవరికీ జంకకుండా మాట్లాడిన మనిషి. గల్ఫ్ మీది వంతెనకు ఇప్పుడు ఆమె పేరే. 2012లో ఊరివాళ్లు సొంతంగా ఓటింగ్ పెట్టుకున్నారు, బొగ్గు పోయాక ఏం కావాలని. అద్దాలతో ఎండను ఒక టవర్ మీదికి తిప్పి ఆవిరి పుట్టించే సోలార్ థర్మల్‌కు 4,053 ఓట్లు, గ్యాసుకు 43. అలాంటి ప్లాంటు వస్తోందని 2017లో ప్రకటన కూడా వచ్చింది. డబ్బు కుదరక 2019లో అటకెక్కింది.

తమాషా ఏమిటంటే, టవర్ ఒకటి ఊరి బయట నిజంగానే ఉంది. పగలు దాని నెత్తి మీద రెండో సూర్యుడు కూర్చున్నట్టు మెరుస్తుంది. చుట్టూ 23 వేలకు పైగా అద్దాలు. కాకపోతే అది టమాటాల కోసం. గల్ఫ్ ఉప్పునీళ్లను ఆ వేడితో మంచినీళ్లు చేసి, గాజు ఇళ్లలో టమాటాలు పండిస్తారు. సూపర్ మార్కెట్లో తీగతో సహా అమ్మే టమాటాలు కిలో కొన్నాను, అక్కడివే అయి ఉంటాయని నమ్మేసి. మోటెల్ గదిలో ఒంటి పొయ్యి మీద పచ్చిమిర్చి వేసి తొక్కు చేశాను. పులుపు చాలలేదు. సముద్రం, సూర్యుడు, అద్దాలు ఇన్ని కలిసి పనిచేసినా మన నాటు టమాటా పులుపు రాదు.

ఆ మార్కెట్ బిల్లు కౌంటర్లో పంజాబీ కుర్రాడు, ఆస్పత్రి ముందు బస్టాపులో ఇద్దరు మలయాళీ నర్సులు. మనవాళ్లు ఇక్కడికి కొత్తగా వచ్చినట్టు కనిపిస్తారు గానీ, నిజానికి ఈ ఊరికి పాతకాపులే. 1866 ప్రాంతంలో థామస్ ఎల్డర్ అనే వ్యాపారి కరాచీ నుంచి నూటికి పైగా ఒంటెలను, వాటిని తోలే ముప్పై మంది మనుషులను ఓడలో తెప్పించి ఈ గల్ఫ్ ఒడ్డునే దింపాడు. రోడ్లు, రైళ్లు లేని లోపలి నేలకు సరుకులు మోసింది ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు వాళ్లే. బలూచీలు, సింధీలు, పఠాన్లు, పంజాబీలు ఎవరైనా సరే, తెల్లవాళ్లు అందరినీ కలిపి ‘అఫ్గాన్’ అన్నారు. ఇప్పుడు డార్విన్ దాకా వెళ్లే ఖరీదైన టూరిస్టు రైలు పేరు ‘ది ఘాన్’. టికెట్ ధర చూశాను, చూసి మూసేశాను.

శుక్రవారం పని అయిపోయింది. ఒక రిలే మాత్రం దొంగ ఫాల్ట్‌కు బదులు అసలు మంచి కరెంటుకే ట్రిప్పయి నా మధ్యాహ్నం తినేసింది. సెట్టింగ్‌లో ఒక అంకె తప్పు, అది నేను రాసిందే. పెద్దాయన ఏమీ అనలేదు. నీళ్ల సీసా అందించాడు.

ఇప్పుడు మీ పని ఎలా ఉందని అడిగాను. "కట్టేటప్పుడు వందల మంది కావాలి. కట్టాక పొదలు కొట్టేవాడు, అద్దాలు తుడిచేవాడు, నీలాంటివాడు అప్పుడప్పుడు. పొయ్యికి రాత్రీ పగలూ మనిషి కావాలి. ఎండకు షిఫ్టు లేదు కదా," అన్నాడు. కోపంగా చెప్పలేదు. ఇప్పుడు దగ్గు లేదని కూడా చెప్పాడు.

వెళ్లే ముందు పాత ప్లాంటు స్థలం చూపించమంటే తన బండిలో తీసుకెళ్లాడు. దారిలో బర్డ్ లేక్ అని ఒక చిన్న చెరువు. ప్లాంటు వదిలే ఉప్పునీళ్లతో నిండి ఉండేది. ప్లాంటు ఆగగానే ఎండిపోయి ఊరంతా కంపు కొట్టిందట. అది చాలదన్నట్టు 2017 జనవరిలో వానకు బూడిద చెరువు పైపూత కొట్టుకుపోయి, ఆ వెనకే గాలి లేచి, బూడిద ఊరి మీద పడింది. ఇళ్ల లోపల, కిటికీ గూళ్లలో, ఆరేసిన బట్టల మీద. ఆయన వేళ్లతో బండి డ్యాష్‌బోర్డు మీద గీత గీసి చూపించాడు, ఎలా ఉండేదో. అక్కర్లేదు, నాకు తెలుసు. మా అవ్వ పొద్దున దండెం మీది బట్టల్ని ముందు దులిపి, తర్వాతే మడతపెట్టేది.

కంచె దగ్గర దిగి బాపుకు మళ్లీ ఫోన్ చేశాను. కెమెరా తిప్పి చూపించాను. చదును నేల, దూరంగా నీళ్లు, ఆవల కొండలు.

"ఏమున్నదిర అక్కడ? ఏం కనవడ్తలేదు."

"పవర్ హౌస్ ఉండె బాపు. కూలగొట్టిన్రు."

"గొట్టం సుత?"

"గొట్టం సుత."

కాసేపు చూశాడు. మన దగ్గర కూడా రామగుండం రిజర్వాయర్ నీళ్ల మీద 2022లో 100 మెగావాట్ల సోలార్ పలకలు పరిచారు. బాపు వాటిని చూసొచ్చి, "చెరువుకు రేకులు గప్పిన్రు," అన్నాడు అప్పట్లో. ఇప్పుడేమంటాడో అనుకున్నాను.

"పనోళ్లు యాడికి వోయిన్రు?"

పెద్దాయన వైపు చూశాను. ఆయనకు మా మాట అర్థం కాదు, బండికి ఆనుకుని ఈగలు తోలుకుంటున్నాడు. "ఒకాయన ఈడనే ఉన్నడు," అని కెమెరా అటు తిప్పాను. పెద్దాయన చెయ్యి ఊపాడు. బాపు కూడా మంచం మీద లేచి కూర్చుని చెయ్యి ఊపాడు.

"బూడిద ఏం జేసిన్రు మరి?"

"మన్ను కప్పిన్రు. మీద ఇక్కడి పొదల గింజలు చల్లిన్రు."

"మొల్సినయా?"

కంచె దగ్గరికి వెళ్లి ఫోను కిందికి వంచాను. అక్కడక్కడా బూడిద రంగు ఆకులతో మోకాలెత్తు పొదలు. మధ్యలో ఇంకా ఖాళీ.

"కొన్ని," అన్నాను.