ఊపిరితిత్తుల్లో గడ్డలు, ట్రే స్మిత్ ఆట

హైదరాబాద్ నుంచి కాన్సాస్ సిటీకి తిరిగివచ్చిన వారంలోపే నా ఎడమ పిక్క వాచింది. మెట్లెక్కితే ఆయాసం, గట్టిగా ఊపిరి పీలిస్తే పక్కటెముకల కింద పోటు. ఎమర్జెన్సీలో సీటీ స్కాన్ తీసి, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం విడివడి ఊపిరితిత్తుల్లోకి చేరిందనీ, గంటల తరబడి కదలకుండా కూర్చున్న విమాన ప్రయాణం అందుకు కారణమై ఉండవచ్చుననీ చెప్పారు. ముందు హెపారిన్ ఎక్కించి, తర్వాత అపిక్సబాన్ మాత్రలు మొదలుపెట్టారు; రెండూ రక్తాన్ని పలుచబరిచే మందులే. ఆ మాత్ర గడ్డను కరిగించదు, పెరగనివ్వకుండా ఆపుతుంది, కరిగించుకోవలసింది శరీరమే.

ఇదే జబ్బు మా కాన్సాస్ సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు చీఫ్స్‌లో రైట్ గార్డ్ (ముందు వరుసలో అడ్డుగా నిలిచే ఆటగాడు) అయిన ట్రే స్మిత్‌కూ వచ్చిందని ఆ రాత్రి నర్సమ్మ చెప్పింది. టెనెసీ విశ్వవిద్యాలయంలో ఉండగా, 2018లో, అతని ఊపిరితిత్తుల్లో గడ్డలు కనబడ్డాయి. మందులు వాడి మైదానానికి వచ్చినా, ఆ అక్టోబర్‌లోనే మళ్లీ ఆట ఆపవలసి వచ్చింది. సుమారు 145 కిలోల మనిషి, బంతి దాదాపుగా ముట్టకుండా, ప్రతి ఆటలోనూ తనంత వాళ్లను ఢీకొని బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడాలి. రక్తాన్ని పలుచబరిచే మందు వాడుతూ అలా తలలు ఢీకొంటే లోపల రక్తస్రావం కావచ్చు. గడ్డం గీసుకుంటూ చిన్న గాటు పడితే చాలాసేపు దూది ఒత్తిపట్టుకుని నిలబడిన నాకు ఆ భయం బాగా అర్థమైంది.

వైద్యుల పథకం ప్రకారం సాధనలో ఢీకొనడం బాగా తగ్గించి అతను 2019లో తిరిగి ఆడాడు. ఆరోగ్యంపై అనుమానాల వల్ల 2021లో జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 226వ ఎంపికగా మిగిలినా, మొదటి ఏడాదే 17 మ్యాచ్‌లూ ఆరంభం నుంచి ఆడాడు; 2023, 2024 ఫిబ్రవరుల్లో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అయినా అతను ఆడిన మ్యాచ్‌లకన్నా, ఆడకుండా ఆగిన నెలలే నాకు ఎక్కువ ధైర్యమిచ్చాయి. కాన్సాస్ సిటీ శివారు ఊరైన ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఇండియన్ క్రీక్ బాట వెంట మొదట ఒక బెంచీ దాకా, తర్వాత వంతెన దాకా నడిచాను. ఆయాసం రాగానే సిగ్గుపడకుండా కూర్చున్నాను.

డాక్టర్ గారు చెప్పిన గడువు దాకా ఒక్క పూటా తప్పకుండా మాత్రలు వేసుకున్నాను. ఆ తర్వాత ఆమే ఆపించారు. ఇప్పుడు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. ఎడమ కాలు మాత్రం సాయంత్రానికి కొద్దిగా వాస్తుంది, అందుకని పొద్దున్నే బిగుతు మేజోడు తొడుక్కుని పనికి వెళుతున్నాను.