గంభీరం గట్టు మీద కుక్కలతో ఒక పూట

విశాఖలో కుక్కల్ని పెంచేవాళ్లలో చాలామందికి నడక అంటే బీచ్ రోడ్డే. తెల్లవారుజామున ఇసుకలో కాసేపు ఆడించడం, జనం పెరిగేసరికి ఇంటికి తిరిగిరావడం. మా చిట్టికి, బ్రూనోకి ఒక్కపూటైనా మట్టిదారి, గడ్డి, మంచినీటి ఒడ్డు చూపించాలని నాకు చాలాకాలంగా కోరిక. చిట్టి నాటుకుక్క, మా వీధిలోనే పుట్టింది. బ్రూనో మా బావమరిది పెంచుకుంటున్న లాబ్రడార్. సంక్రాంతి వెళ్లాక, చలి ఇంకా ఉండగానే, ఓ ఆదివారం గంభీరం రిజర్వాయరుకి బయల్దేరాం.

ఎక్కడికి వెళ్లాలన్నదే ఎక్కువ ఆలోచించాం. కంబాలకొండ ఊళ్లోనే ఉంది, చెరువూ ఉంది. కానీ అది అభయారణ్యం, పెంపుడు కుక్కలతో వెళ్లే చోటు కాదు. చిరుతలు తిరిగే అడవి అది, కుక్క కనబడితే వదలవు. మన కుక్కల నుంచి డిస్టెంపర్ లాంటి జబ్బులు అడవి జంతువులకు అంటుకునే ప్రమాదమూ ఉంది. కొండకర్ల ఆవ నాకు ప్రాణం. తాటి దోనె ఎక్కి తామరాకుల మధ్య తిరగడం ఎంత బాగుంటుందో! అయినా శీతాకాలంలో వలస పక్షులు దిగే నీటి దగ్గరికి కుక్కల్ని తీసుకెళ్లడానికి మనసొప్పలేదు. నీటి మీద సోలార్ పలకలు తేలే ముడసర్లోవ దగ్గరే గానీ, ఆదివారం పార్కు పిల్లలతో నిండిపోతుంది. చివరికి గంభీరమే మిగిలింది.

చీకటి ఉండగానే ఎంవీపీ కాలనీ నుంచి హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, కొమ్మాది దాటుకుంటూ ఆనందపురం వైపు జాతీయ రహదారి మీద వెళ్లాం. ఆనందపురం పూల మార్కెట్ ఆ వేళకే మొదలవుతుంది కాబట్టి, బంతిపూల మూటలతో ఆటోలు ఎదురొస్తూనే ఉన్నాయి. ఐఐఎం క్యాంపస్ వచ్చాక గంభీరం పేరు బయటివాళ్లకి తెలిసింది గానీ, హైవే వదిలి ఊరి దారి పట్టగానే తాటిచెట్లు, జీడితోటలు, వెనక తూర్పు కనుమల కొండలు. కారు ఆపగానే చిట్టి ముక్కు నేలకి ఆనించేసింది. అక్కణ్ణుంచి పావుగంట సేపు మేం కదిలిందే లేదు. కుక్కకి నడకంటే దూరం కాదు, వాసన. ప్రతి పొదనీ, ప్రతి గేదె అడుగునీ అది పరీక్షగా చూస్తుంటే తాడు లాగి తొందరపెట్టడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

గట్టు మీద నడక చాలా తేలిక. ఎత్తూ పల్లం పెద్దగా లేవు. ఒకవైపు నీరు, రెండోవైపు పొలాలు. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఓ లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేపతో పైకి లేచింది. కుక్కలు రెండూ తాడుతోనే ఉన్నాయి. వేసవిలో తీతువు పిట్టలు గూడంటూ లేకుండా నేల మీదే గుడ్లు పెడతాయి. విడిచిపెట్టిన కుక్క కాలికింద ఆ గుడ్లు పోతాయి. ఇది ఆ కాలం కాకపోయినా ఏ కాలంలోనైనా అదే అలవాటు మంచిది.

కొంచెం ముందుకెళ్లాక మేకల మంద ఎదురైంది. కాసే తాత దూరం నుంచే కేకేశాడు: "బాబూ, కుక్కల్ని గట్టిగా పట్టుకోండి. సూడి మేకలున్నాయి, బెదిరితే ఈసుకుపోతాయి." అంటే కడుపు పోతుందని. మేం గట్టు దిగి ఓ పక్కన నిలబడ్డాం. మంద దాటేదాకా బ్రూనోని కూర్చోబెట్టి మా బావమరిది నోట్లో బిస్కెట్లు పెడుతూనే ఉన్నాడు. తాత వెళ్తూ, "ముందర ఊరి కుక్కలుంటాయి, పొలం అంచున పోండి" అని దారి కూడా చెప్పాడు. ఆ మాటతో మాకు పెద్ద టెన్షన్ తప్పింది. ఊరకుక్కలకి అది సొంత చోటు, కొత్త కుక్క వస్తే అరవడం వాటి హక్కు. చుట్టూ తిరిగి వెళ్లాల్సింది మనమే.

బ్రూనో నీళ్ల కోసం గింజుకుంటూనే ఉంది. తూము దగ్గర వద్దనుకున్నాం, అక్కడ నీరు లోపలికి లాగేస్తుంది. ఒడ్డు మెల్లగా వాలిన చోట, పొడవాటి తాడు కట్టి వదిలాం. అది ఈదుతుంటే మా బావమరిది చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. చిట్టి మాత్రం పాదాలు తడుపుకుని వెనక్కొచ్చేసింది. దాన్ని బలవంతపెట్టలేదు. తాగడానికి ఇంటి నీళ్లే ఇచ్చాం. నిలవనీటిలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. పచ్చటి తెట్టె కట్టిన నీరైతే అసలు దగ్గరికే పోనివ్వకూడదు, ఆ నాచుల్లో కొన్ని కుక్కని చంపేంత విషం. ఒడ్డున పగిలిన సీసా పెంకులు చూసి మాత్రం కడుపు రగిలిపోయింది. తాగినవాళ్లు సీసా వెంట తీసుకెళ్లడానికి ఎంత బరువని! దొరికినన్ని ఏరి సంచిలో వేసుకున్నాం.

పదింటికల్లా నడక ఆపేశాం. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్ల మెత్తల్లో కాస్త, అంతే. వేడి బయటికి పోవాలంటే నాలుక చాచి రొప్పాలి, నోటి తడి ఆవిరై ఒళ్లు చల్లబడాలి. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ, ఆ తడి తొందరగా ఆరదు. అందుకే ఇక్కడ కాస్త ఎండకే కుక్క సొమ్మసిల్లుతుంది. రెండు పొరల బొచ్చున్న లాబ్రడార్‌కి మరీ కష్టం. అరచేతి వెనకభాగం నేలకి ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల మీద కుక్కని నడిపించకూడదు.

జీడిచెట్ల నీడలో దుప్పటి పరిచి, చాలాసేపు అలసట తీర్చుకున్నాకే వాటికి పెరుగన్నం, ఎముకల్లేని ఉడికించిన కోడి పెట్టాం. మా పులిహోరలో చిట్టికి వాటా ఇవ్వకపోయేసరికి అలిగింది. మధ్యాహ్నానికి రెండూ కారులో గాఢనిద్ర.

ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, పిడుదుల కోసం వెతికాం. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, పట్టీ కింద, తోక మొదట్లో. చిట్టి చెవిలో ఒకటి దొరికితే పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేశాను. పిడుదు జ్వరం కుట్టిన వెంటనే బయటపడదు, ఒకటి నుంచి మూడు వారాలు పట్టొచ్చు. తిండి మానేసినా, నీరసంగా పడుకున్నా, చిగుళ్లు పాలిపోయినా రక్తపరీక్ష చేయించాలి. అందుకే పిడుదు దొరికిన తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకున్నాను. ఇప్పటికైతే చిట్టి గిన్నె నాకేసి, మళ్లీ కావాలని నా కాళ్ల చుట్టూ తిరుగుతోంది.