తుంగని గడ్డి అనుకుని ఎనిమిది నెలలు

తిరుపతిలో మా మిద్దె ముందు ఎనిమిది అంకణాల జాగాలో లాన్ వేయించుకున్నాం. అందులో పడ్డ తుంగ అనే కలుపును తీసేయడానికి మూడో విడత తవ్వి పదిహేను రోజులైంది. ఇవాళ పొద్దున వంగి వంగి వెతికితే నాలుగే మొలకలు కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది, అందుకే రాస్తున్నాను.

మిగతా కలుపుతో పెద్ద తిప్పలు పడలేదు. వయ్యారిభామని అందరూ గుర్తుపడతారు, క్యారెట్ ఆకులాంటి ఆకు, బియ్యపు నూకల్లాంటి తెల్లపూలు. పూత రాకముందే పీకాలి, వట్టి చేత్తో ముట్టుకోవద్దు. మా ఆయనకు మోచేతుల దాకా దద్దుర్లు వచ్చాయి. పల్లేరు కాలికి గుచ్చుకున్నాక ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఉత్తరేణి గింజలు చీర కుచ్చిళ్ళకు పట్టుకుని ఇంట్లోకే వస్తాయి. గోడవారగా ఒక్క మొక్క ఉంచాను, వినాయక చవితి పత్రిలోకి కావాలి కదా. గంగపాయలాకు దగ్గర మాత్రం జాగ్రత్త. దాని పక్కనే నేల మీద పాకే నానబాలు జాతి మొక్క ఒకటుంటుంది, పైనుంచి చూస్తే రెండూ ఒకటే. కాడ తుంచితే తెల్లటి పాలు వచ్చేది కూరకు పనికిరాదు. గంగపాయల కాడ నున్నగా, కండగా ఉంటుంది, పాలు రావు. పప్పులో వేసేవాళ్ళు ప్రతి కాడా తుంచి చూడండి.

ఇక తుంగ. నర్సరీ నుంచి తెచ్చిన గడ్డి పలకల మట్టిలోనే అది వచ్చింది, నాకు అనుమానం లేదు. వానలు పడ్డాక నిగనిగలాడే ఆకులు లేచాయి. గడ్డి ఏపుగా వస్తోందని మురిసిపోయి యూరియా కూడా చల్లాను. నర్సరీ అతన్ని అడిగితే "మంచి గడ్డేనమ్మా, కత్తిరిస్తే ఒత్తుగా వస్తుంది" అన్నాడు. కత్తిరించిన మూడో రోజుకి అది ఒక్కటే రెండంగుళాలు పైకి లేచింది. ఫోన్‌లో ఆప్ మూడు ఫోటోలకు మూడు పేర్లు చెప్పింది. నాలుగు సాయంత్రాలు కూర్చుని పీకాను. పది రోజులకు ముందుకంటే ఎక్కువైంది.

చివరికి గుప్పెడు కవర్లో వేసుకుని రైతులకు సలహాలు చెప్పే ఒక ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి సారు కవరు విప్పి చూసి, పదిమంది రైతుల ముందు "తుంగ కూడా తెలీదా అమ్మా? ఇంక లాన్ ఎందుకు మీకు?" అని నవ్వాడు. కవరు చెత్తబుట్టలో వేసి "మందు కొట్టుకోండి" అన్నాడు. ఏ మందో చెప్పలేదు. మా నాయన పూతలపట్టు దగ్గర చెరకు పండించిన మనిషి. ఆయన కూతురినై ఆ మాట పడ్డానే అని ఇంటికొచ్చేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. తెలియదని అడగడానికి వచ్చినవాళ్ళకు చెప్పడమే వాళ్ళ ఉద్యోగం. జీతం దానికే ఇస్తున్నారు. ఎరువుల కొట్లో గ్లైఫోసేట్ అనే కలుపుమందు అంటగట్టారు. అది పచ్చగా ఉన్నదాన్నల్లా చంపుతుందని అప్పుడు నాకు తెలీదు. చాపంత మేర లాన్ మాడిపోయింది.

నాకు కళ్ళు తెరిపించింది పక్కవీధికి కలుపు తీయడానికి వచ్చే పెద్దామె. "ఇట్ల పీకితే యాడ పోతాది పాపా? గడ్డ ఆడనే ఉండాది" అని, ముందు గరిక కాడ, తర్వాత తుంగ కాడ నా వేళ్ళ మధ్య పెట్టి తిప్పమంది. గరిక కాడ గుండ్రంగా దొర్లింది. తుంగ కాడ దొర్లలేదు, మూడు అంచులు వేళ్ళకు తగిలాయి. తర్వాత నేల తడిపి చిన్న గునపంతో జానెడు లోతు తీసింది. నల్లటి గడ్డ, వేరుశనగ గింజంత, దాని నుంచి దారంలాంటి వేరు, దాని కొసన ఇంకో గడ్డ, అక్కణ్ణించి ఇంకొకటి. పైన పీకితే ఆ దారం తెగిపోతుంది, గడ్డ లోపలే ఉండి మళ్ళీ మొలకేస్తుంది. నేను అన్నాళ్ళూ చేసింది అదే. గోటితో గిల్లితే ఘాటైన వాసన. సున్నిపిండిలో వేసే తుంగముస్తలు ఇవేనని అప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి లాన్‌ని మూరెడు మూరెడుగా లేపి, మట్టి జల్లెడ పట్టి, గడ్డలన్నీ ఏరుతున్నాం. ఒక్క గడ్డ కూడా చెత్తకుప్పలో వేయకండి, అక్కడ మొలుస్తుంది. ఎర్రటి ఎండలో గలగలమనేదాకా ఎండబెట్టాలి. తుంగకు నీడ గిట్టదు, మా జామచెట్టు కింద ఒక్కటీ లేదు. అందుకే మాడిన చోట మళ్ళీ గడ్డి వేయకుండా కనకాంబరాలు ఒత్తుగా పెడుతున్నాను.

మిద్దె మీద ఇప్పుడు రెండు చేటల గడ్డలు ఎండుతున్నాయి. ఒక చేట పెద్దామెది, మనవరాలి సున్నిపిండికి కావాలంది.